వాలిపోయే లైటు

"మళ్ళీ కిందకి వాలిందా?" అంది మెకానిక్, చేతిలోని గుడ్డ పక్కన పడేసి. "నెలలో ఇది నాలుగోసారండీ!"

మీటరాయన బండి దిగి తల దించుకుని నిలబడ్డాడు. "అవునండీ. లైటు ముందు చక్రం దగ్గరే పడుతోంది. దారి కనబడట్లేదు."

ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి రాసుకుపోయే మనిషి కాబట్టి అందరూ అతన్ని మీటరాయన అంటారు. నలభై దాటాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అతను మాట్లాడే మాట ఒక్కటే. లోపల్నుంచి "ఎవరూ?" అంటారు. ఇతను "మీటరు" అంటాడు. అంతే. గదికి పోయాక ఆ ఒక్క మాటా ఉండదు.

పక్క కొట్టులో పంక్చర్లు వేసే ముసలాయన ట్యూబు నీళ్ళలో ముంచుతూ తల తిప్పాడు. "ఏమ్మా, మీ నాన్న బోల్టు బిగిస్తే బండి తుక్కుకి పోయినా అది ఊడేది కాదు. నువ్వు బిగిస్తే వారం తిరక్కుండా వదులైపోతోందేంటి?"

"నువ్వుండు బాబాయ్. అసలే ఒళ్ళు మండుతోంది."

తండ్రి పోయాక ఆ షాపుని ఆమె ఒక్కతే నడుపుతోంది. లైటు ముందు గొంతుక్కూర్చుని, పక్కనున్న బోల్టుని వేలితో తడిమింది.

"దీని మూలలన్నీ అరిగిపోయాయి. ఎవరైనా చెయ్యి పెట్టారా?"

మీటరాయన సీటు మీద చెయ్యి వేశాడు. "అబ్బే. ఎవరు పెడతారండీ? రోడ్లు అలా ఉన్నాయి. అన్నీ గుంటలు."

"ఎక్కడయ్యా గుంటలు?" అన్నాడు బాబాయ్. "నువ్వు తిరిగే వీధులన్నిటికీ మొన్నేగా తారు పోశారు. క్యారం బోర్డులా ఉన్నాయి."

"బండి పాతది కదా..." అని నసిగాడు మీటరాయన.

"సరే, ఇవాళ్టితో ఈ పీడ వదిలిస్తాను. ఎక్కి కూర్చోండి," అంది ఆమె.

మిగతా పనులకైతే బండి వదిలేసి పొమ్మంటారు. లైటు పనికి మాత్రం మనిషి ఉండాలి. నడిపే మనిషి బరువుకి బండి వెనక ఎంత కుంగుతుందో చూసి, దాన్నిబట్టి లైటు పెట్టాలి. అందుకే కూర్చోమంటారు.

ఆమె రెండు చక్రాల్లోనూ గాలి చూసింది. బండిని గోడకి పాతిక అడుగుల దూరంలో, నేల మీదున్న గీత దగ్గర ఆపింది. నేల నుంచి లైటు ఎత్తు టేపుతో కొలిచి, గోడ మీద అంతకంటే రెండంగుళాలు కిందగా సుద్దముక్కతో గీత గీసింది. వచ్చి హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది.

"కాళ్ళు పైన పెట్టుకోండి. నిటారుగా. ఊపిరి బిగబట్టక్కర్లేదు, ఫోటో తియ్యట్లేదు."

అతను ఊపిరి వదిలాడు.

"చిక్కారా ఏంటి? పోయినసారి బండి ఇంతకన్నా కుంగింది."

"ఏమోనండీ."

"అన్నం తింటున్నారా?"

ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడిగి ఎన్నాళ్ళయిందో. "తింటున్నానండీ. ఒక్కడి కోసం పొయ్యి వెలిగించాలంటే బద్ధకం."

"నాకూ అంతే," అంది ఆమె, గోడ వైపే చూస్తూ.

ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చేత్తో లైటుని మెల్లగా పైకి లేపింది. నేల మీద ముద్దగా పడున్న వెలుగు గోడ ఎక్కి సుద్దగీత దగ్గర ఆగింది. ఈ పనికి ఇంకాసేపు పడితే బావుండు అనుకున్నాడు మీటరాయన. కానీ ఆమె చెయ్యి చురుకు. బాబాయ్‌ని పిలిచి హ్యాండిల్ పట్టుకోమని, పాత బోల్టులు పీకేసి మెరిసిపోతున్న కొత్తవి పెట్టింది.

"ఇవి అలెన్ బోల్టులు. పానాతో తిరగవు. తల మధ్యలో ఆరు మూలల గుంత ఉంది, చూశారా? అందులో పట్టే కీ ఉంటేనే కదులుతాయి."

"అంటే... ఇక వదులవ్వవా?"

"బండి పోయేదాకా అవ్వవు. మీకూ ఈ తిరుగుడు తప్పింది."

"మంచిదండీ," అన్నాడు. ఆ మాట అతనికే సరిగ్గా వినబడలేదు. సీటు కింద దాచిన పానా గుర్తొచ్చింది. ప్రతి శనివారం వీధి మలుపులో బండి ఆపి, అటూ ఇటూ చూసి, దాంతోనే ఆ బోల్టులు వదులు చేసుకుని వస్తున్నాడు. ఇక దాంతో పనిలేదు.

"హారన్ కూడా సరిగా మోగట్లేదండీ," అన్నాడు గబుక్కున.

ఆమె నొక్కింది. బాబాయ్ ఉలిక్కిపడి హ్యాండిల్ వదిలేశాడు.

"ఓరి నీ హారన్ పాడుగాను! పక్క వీధిలో కుక్కలు కూడా లేచుంటాయి!"

"బ్రహ్మాండంగా ఉంది," అంది ఆమె. "ఇంకేమైనా ఉందా?"

"బ్రేకులు..."

"పోయిన శనివారమేగా చూశాను."

ఇక అడగడానికేమీ దొరకలేదు. మీటరాయన బండి స్టార్ట్ చేసి వీధి వైపు తిప్పాడు. పొద్దు వాలింది. లైటు తిన్నగా, చాలా దూరం పడింది. అంత దూరమూ ఎవరూ లేరు.

"ఆగండి!"

ఆమె గుడ్డతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. బాబాయ్ వైపు ఒకసారి చూసి, వంకరగా ఉన్న చిన్న ఇనప కడ్డీ ఒకటి మీటరాయన చొక్కా జేబులో వేసింది.

"అలెన్ కీ," అంది గొంతు తగ్గించి. "ఆ మొండి పానాతో గెలికి నా బోల్టులు పాడుచెయ్యకుండా, వచ్చే శనివారం దీంతో వదులు చేసుకుని రండి."