భయం రంగు

"ఆ ఎర్ర గీతను ఆకుపచ్చ చెయ్యమ్మా," అన్నారు హెచ్‌వోడీ గారు.

ఏ కంపెనీ షేరు మీద జనానికి ధైర్యముందో, భయముందో వాళ్ల మాటల్ని బట్టి చెప్పే వెబ్ యాప్ నా ప్రాజెక్టు. భయానికి ఎరుపు. ఇప్పుడు ఎర్రబడ్డ కంపెనీయే మా ల్యాబుకు కంప్యూటర్లిచ్చింది. దాని చైర్మన్ కాసేపట్లో ప్రాజెక్టులు చూడటానికి వస్తున్నాడు.

"ఆయన 'భయపడాల్సిన పనేమీ లేదు' అని ప్రకటన ఇచ్చారు. దాన్ని కూడా భయమంటుందేంటి నీ యాప్?"

"నేనే అలా నేర్పాను సార్. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే కదా."

"ఆయనంటే భయపడి చెప్పట్లేదు నేను!"

ఆ మాటనే యాప్‌లో టైపు చేశాను. ఎరుపు వచ్చింది.

ఆయన ముఖమూ అదే రంగుకు తిరిగింది. "మార్కులు నా చేతిలో ఉన్నాయి. భయం లేదా నీకు?"

"నాకేం భయం లేదు సార్."

ఆయన కీబోర్డు లాక్కుని నా మాటను టైపు చేశారు. మళ్లీ ఎరుపే. ఆయన నవ్వారు.

"చూశారుగా సార్, నా యాప్ అబద్ధం చెప్పదు," అన్నాను. ఎర్ర గీతను మార్చకుండానే తెరను చైర్మన్ వచ్చే గుమ్మం వైపు తిప్పాను.