శీకాయపొడి పాఠం

తిరుపతమ్మ తన మనవరాలు ఇందుశ్రీ సంచిలో పొడుల సీసాలు సర్దుతోంది, ఒక్కోదానికీ కాగితం అంటించి పేరు రాస్తూ. అన్నిటినీ చెవిలో పెట్టుకున్న యంత్రపు గొంతే చదివిపెట్టే రోజుల్లో పుట్టిన పిల్లకు అక్షరం ముక్క రాదు. కాలేజీలో సీటు నిలవాలంటే ముందు చదవడం, రాయడం నేర్పే కోర్సు గట్టెక్కాలి. ఆ గొంతును గేటు దగ్గరే అప్పగించాలట.

"ఏది కందిపొడో నాకెలా తెలుస్తుంది అమ్మమ్మా?"

"ఆకలేస్తే అక్షరాలు అవే వస్తాయి. నేను సినిమా పోస్టర్లు చూసి నేర్చుకోలేదూ?"

మూడో ఏట నుంచీ పిల్ల చెవిలో ఉంటున్న గొంతు, చిలకయ్య, గదంతా వినబడేలా అన్నాడు: "బెంగపడకండి తిరుపతమ్మగారూ, పిల్ల తిరిగొస్తుంది."

ఇల్లు విడిచిన వాళ్ళందరూ ఆ మాట చెప్పే వెళ్ళారనుకుంటూ ఆవిడ ముక్కు చీదింది.

మొదటి వారమే ఇందుశ్రీ అన్నంలో శీకాయపొడి కలుపుకుంది. హాస్టలంతా నవ్వింది. ఆ తర్వాత కూడబలుక్కుని చదవనిదే ఏ సీసా మూతా తీయలేదు.

కార్తీకం నాటికి కోర్సు పాసై, వీధి బోర్డులన్నీ బిగ్గరగా చదువుకుంటూ ఇంటికొచ్చింది.

"చిలకయ్యేడే?"

"గేటు దగ్గర తిరిగిస్తామంటే వద్దన్నాను. వాడుంటే నాకంటే ముందే చదివేస్తాడు!"

తిరుపతమ్మ పడీపడీ నవ్వింది. పిల్ల వచ్చింది. ఆషాఢంలో వెళ్ళిన చిలకయ్య మాత్రం మళ్ళీ ఇంటికి రాలేదు.