గడువు దాటిన పేజీ

"నేర్పేవాళ్లెవరూ లేరు ఆంటీ. కంప్యూటర్‌తో ఆడుకుంటూ మీరే నేర్చుకోండి," అన్నాను. జనం రావడం మానేసిన మా కేటా ఊరి లైబ్రరీని మూసేస్తామని పైవాళ్లు బెదిరిస్తున్నారు.

ఇన్నేళ్లూ పుస్తకాలకు ముద్రలేసిన అఫెఫా ఆంటీ, బెండకాయ పులుసు వండే తీరు చెబుతూ లైబ్రరీ పేరుతో ఒక వెబ్ పేజీ పెట్టింది. అడుగున హెచ్చరిక: "చదివినవారు రెండు వారాల్లో లైబ్రరీకి తిరిగి ఇవ్వవలెను."

"పేజీని ఎలా తిరిగిస్తారు ఆంటీ?" పడీపడీ నవ్వాను.

"తీసుకున్నవాడికి తెలీదేంటి? వెళ్లి నీ పని చూసుకో."

మూడో వారం తలుపు తీస్తే రోడ్డు దాకా వరుస. అందరి చేతుల్లో ఫోన్లు, మొహాల్లో భయం.

"ఆలస్యమైపోయిందమ్మా! జరిమానా ఎంత?"

"తలా ఒక పుస్తకం పట్టుకెళ్లాలి," అని ఆంటీ నావైపు తిరిగింది. "గుడ్లప్పగించి చూస్తావేం? బీరువా తాళాలియ్యి బాబూ, ఆడుకుందాం."