కింద రెండు ముక్కలు

పొద్దున లేవగానే ఫోర్‌మన్ కంప్యూటర్ తెరిచాడు. అతను పెట్టిన కచేరీని రాత్రికి రాత్రే గుంపులో సగం మంది దించుకున్నారు. కింద మాత్రం ఒక్కడే రాశాడు.

'థాంక్స్ అన్నా.'

దాని పక్కన ఇంకొకడు చప్పట్లు కొట్టే చేతుల బొమ్మ అతికించాడు.

ఫోర్‌మన్ ఆ రెండింటినీ తెర మీంచి పైకి జరిపేశాడు. విందుకొచ్చి, మెక్కి, కిటికీ తెరకు మూతి తుడుచుకుని పోయే జనం.

నేత మిల్లులో ఫోర్‌మన్‌గా చేసి దిగిపోయిన మనిషి అతను. పేరు పోయి ఆ పిలుపే మిగిలింది. కచేరీలకు వెళ్లి రికార్డు చేయడం, ఇంటర్నెట్‌లో తనలాంటి పాటల పిచ్చివాళ్ల గుంపుకు పంచడం తప్ప వేరే పని లేదు. గుంపుకు రెండే నియమాలు. అమ్మకూడదు. దాచకూడదు.

రెండో నియమాన్ని అతను నిన్న తప్పాడు.

ఇక పాడనని చెప్పి, అందరూ పెద్దావిడ అని పిలిచే గాయని పాడిన ఆఖరి కచేరీ అది. ఆవిడ గొంతంటే అతనికి పెళ్లికి ముందు నుంచీ ప్రాణం. మొదటి సగమే పెట్టి, కింద షరతు రాశాడు. 'ఎలా పాడిందో ఎవరైనా రెండు ముక్కలు సరిగ్గా రాయండి. అప్పుడే మిగతా సగం.'

గుంపును నడిపే టేపుల తాత ఊరుకోలేదు.

'పాటను తాకట్టు పెట్టి పొగడ్తలు వసూలు చేస్తావా? నీ డప్పు మేం కొట్టాలా? సాయంత్రంలోగా మిగతాది పెట్టు. లేదంటే గుంపులోంచి తీసేస్తాను.'

దాంతో మిగతావాళ్లకు నోళ్లు లేచాయి.

'అన్నకో దండ వెయ్యండ్రా, అలిగేలా ఉన్నాడు.'

'ఎక్కడా ఒక్క గరగర లేదు. మీ చెవికి దండం గురువుగారూ. చాలా, ఇంకా కావాలా?'

ఆ చివరిది చదివి ఫోర్‌మన్ లేచి వెళ్లి నోరు పుక్కిలించి వచ్చాడు.

'మీకు పాట వినిపించడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే' అని టైపు చేశాడు. కాసేపు దాన్నే చూశాడు. తన మీదే రోత పుట్టి చెరిపేశాడు.

భార్య వచ్చి భుజం తట్టింది. ఏదో అంది.

"కిటికీకి అడ్డంగా నిలబడి మాట్లాడకు. ఇటు రా."

ఇటు వచ్చింది. "ఆ మిగతాది పెట్టెయ్యండి. పరాయివాళ్ల ముందు ఈ దేబిరింపేంటి?"

"అయితే నువ్వు చెప్పు. నిన్న హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నావుగా. ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందంటే?"

"బాగుందంటే బాగుందే. మిక్సీ మోతకీ రాగానికీ తేడా తెలిసినదాన్నయితే మిమ్మల్నెందుకు చేసుకుంటాను?"

"గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన."

"ఆ గాడిదే కాఫీ తెచ్చింది. చల్లారకముందే తాగండి."

కచేరీ జరిగిన హాల్లోనూ ఇదే సంత. అతను మూడో వరసలో, రికార్డర్ అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. ముందు వరసలో ఒకామె ఆవలిస్తూ ఫోనులో చెప్పుల బొమ్మలు తిప్పుతోంది. పక్క సీటాయన చిప్స్ పొట్లం విప్పాడు. రికార్డర్ తెర మీద శబ్దం గీత ఎర్రగా లేచింది. వేదిక మీద పెద్దావిడ ఎడమ చెయ్యి పైకెత్తి, గాల్లోనే ఆపేసింది. సరిగ్గా అప్పుడే పక్కాయన పళ్ల సందులోంచి ఏదో పీక్కుంటూ అతన్ని పలకరించాడు. ఫోర్‌మన్ తల తిప్పలేదు.

"టెక్కు చూడు," అన్నాడాయన తన భార్యతో. నూనె వేళ్లు సీటుకు రాసుకున్నాడు.

ఇలాంటివాళ్లకా చెవులు, అనుకున్నాడు ఫోర్‌మన్. ఆ అసహ్యంలో ఒక సుఖముంది. పుండు గోక్కున్నప్పటి సుఖం. గోకడం ఆపితే అడుగున ఏం కనబడుతుందో చూడటం అతనికి ఇష్టం లేదు.

సాయంత్రం తాత ఆఖరి హెచ్చరిక పంపాడు. గుంపు పోతే ఇక ఎవరినీ అడగడానికి ఉండదు. ఓడిపోయి, మిగతా సగం పెట్టబోతుండగా కింద కొత్త పేరొకటి కనబడింది. చింతగింజ.

'మీ షరతు నాకు నచ్చలేదు. మీరూ నచ్చలేదు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నా. రెండో పాటలో పైకి వెళ్లబోతూ ఆవిడ గొంతు ఆగింది. విరిగిందనుకున్నా. విరగలేదు. ఇక అందదని తెలిసి ఆ స్వరాన్ని వదిలేసింది, వేలు పట్టుకుని తీసుకొచ్చిన పిల్లను బడి గుమ్మంలో వదిలినట్టు. తర్వాత కిందికి దిగి, ఇంట్లో మాట్లాడుకున్నంత మెల్లగా, కాస్త బొంగురుగా పాడింది. వయొలిన్ ఆయన ఆ పై స్వరాన్ని తాను అందుకోబోయి, సగంలో మానుకున్నాడు. ఎవడో దరిద్రుడు అప్పుడే కరకరా నమిలాడు. అది మాత్రం తీసెయ్యకండి. ఆవిడ అలాంటివాళ్ల మధ్యే పాడింది.'

ఫోర్‌మన్ మెల్లగా చదివాడు. గాల్లో ఆగిన చెయ్యి కళ్ల ముందు కదిలింది. మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఈసారి వేళ్లు తొడ మీద తాళం వేశాయి.

మిగతా సగం పెట్టేశాడు.

భార్య ఎదురుగా వచ్చి నిలబడింది. "అయిందా మీ పంతం?"

అతను కళ్లు తుడుచుకున్నాడు.

మగ్గాల హోరు రెండు చెవులనూ తినేసిన పదేళ్ల తర్వాత, పెద్దావిడ పాటను అతను ఇప్పుడే విన్నాడు.