మాట వినే జనం

“ఏజెంట్లంతా మనవాళ్ళే ఉండాలమ్మా! చెప్పింది చెప్పినట్టు అమ్మిపెడతారు,” అని వీరభద్రరావు బల్ల చరిచాడు. టీ గ్లాసు జానెడెత్తు ఎగిరి, చుక్క ఒలక్కుండా మళ్ళీ కూర్చుంది. నమ్మకపోతే ఆ గ్లాసునే అడగొచ్చు.

“కుదరదండి,” అంది రామతులసి. యానాంలో ఆయన తెరిచిన రియల్ ఎస్టేట్ ఆఫీసుకి కొత్త మేనేజరు. “కులం అడగను, మతం అడగను. ఏ పేటకి ఆ పేట మనిషి వెళ్ళాలి. నేనే ఏరతాను. కాదంటే ఇంకొకర్ని చూసుకోండి.”

ఆయన్ని అంత మాట ఎవరూ అనలేదు. ఆయన గొంతు వింటే రేవులో పడవలే పక్కకి తప్పుకుంటాయి.

“సరే. ఆదివారం ఓపెనింగ్. నలభై ప్లాట్లు. పదన్నా బుక్కవ్వకపోతే నీ ఉద్యోగం ఊడినట్టే.”

“అలాగేనండి.”

మర్నాడు ఏజెంటు పనికి ముగ్గురొచ్చారు. రామతులసి అందర్నీ అడిగింది ఒకటే. “మీ వాళ్ళు నీ మాట వింటారా?”

“ఎందుకు వినరండీ! నేను చెబితే ఫరంపేటలో చర్చి గంట కూడా కాసేపు ఆగుద్ది,” అన్నాడు క్రిస్టోఫర్.

“మా దరియాలతిప్పలో నేను వద్దంటే ఏసిన వల కూడా తీసేత్తారండి,” అంది దుర్గాశ్రీ.

గోదారి అవతల్నుంచి రొయ్యల చెరువుల పనికొచ్చిన సురేష్ నవ్వాడు. “మా వాళ్ళదాకా ఎందుకండీ, మా రొయ్యలే వింటాయి.”

ముగ్గురికీ ఉద్యోగాలిచ్చేసింది. వీరభద్రరావు స్వయంగా కారెక్కించి స్థలం చూపించాడు. ఎర్రటి గ్రావెల్ పరిచి, రంగు రాళ్ళు పాతిన పల్లపు చేలు.

దుర్గాశ్రీ కళ్ళు చికిలించింది. “మొన్న వరదలో మా నాన్న పడవ కట్టింది ఇక్కడే కదండీ! ఆ కొబ్బరిచెట్టు మొవ్వుకి!”

“వరద ఊసెత్తితే ఊరుకోను! మీకు నోరుంది, మీ వాళ్ళకి మీమీద నమ్మకముంది. పోయి అమ్మండి.”

రామతులసి ముగ్గురికీ కరపత్రాలు పంచింది. “సొంత అమ్మకి చెప్పినట్టు చెప్పండి,” అంది.

ఆదివారం షామియానా వేశారు. రెండొందల కుర్చీలు, గుండిగలో బిర్యానీ. పన్నెండు దాటింది. కాకులొచ్చి కూర్చున్నాయి, అదీ మొదటి వరసలో.

వీరభద్రరావు గొంతు ఈసారి కాకినాడ దాకా వినిపించింది. “వాళ్ళ మాట జనం వింటారన్నావుగా! ఒక్కడూ రాలేదేం?”

రామతులసి ఆఫీసు తాళంచెవులు తీసి ఆయన చేతిలో పెట్టింది.

“వినబట్టే రాలేదండి.”