సోమవారం నుంచి మైకులోనే

సాయంత్రం ఆరింటికి ఆట తెరవగానే తెర మధ్యలో ఎర్రటి పెట్టె వచ్చి కూర్చుంది.

“కొత్త నిబంధన. వచ్చే సోమవారం నుంచి జంటగా ఆడేవాళ్ళు రాతలో మాట్లాడుకోవడం కుదరదు. మైకులోనే మాట్లాడుకోవాలి.”

ఆమె రెండుసార్లు చదివింది. కుట్టుమిషను మీద చొక్కా చెయ్యి సగంలోనే ఉండిపోయింది.

ఆటలో ఆమె పేరు గండుచీమ. నిజానికి అది కొడుకు పెట్టుకున్న పేరు. వాడు పోయి పద్నాలుగు నెలలైంది. హెల్మెట్ పెట్టుకోరా అని రోజూ చెప్పేది. వాడు రోజూ పెట్టుకునేవాడు. ఆ రోజు కూడా పెట్టుకునే వెళ్ళాడు.

వాడు పోయిన మూడోనాడు కంప్యూటరు తీసి లోపల పెట్టేద్దామని వెళ్ళింది. చెయ్యి తగలగానే తెర వెలిగింది. పిచ్చుక అనే పేరుతో ఒక మాట వచ్చి ఉంది.

“ఏమయ్యావు? మూడు రోజులైంది. భయంగా ఉంది.”

పిచ్చుక గురించి కొడుకు ఒకసారి చెప్పాడు. ఆటలోనే పరిచయం, ఎప్పుడూ ఎదురుపడలేదు. ఆఫీసు నుంచి ఎంత అలిసిపోయి వచ్చినా ఆరయ్యేసరికి ఆట ముందు కూర్చునేవాడు. ఇవాళ్టికి మానేయరాదా అంటే, “పిచ్చుకకి నేను తప్ప ఎవరూ లేరమ్మా. ఒక్కరోజు వెళ్ళకపోతే అక్కడ ప్రాణం కొట్టుకుపోతుంది” అన్నాడు.

ఆ మాట గుర్తొచ్చి ఆమె కళ్ళ ముందు ఏదో హాస్టలు గది మెదిలింది. ఒంటరి పిల్లాడు. పైన ఫ్యాను. అంతకు మించి ఆలోచించడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

ఆటలో ఏ రోజు మాటలు ఆ రోజే చెరిగిపోతాయి. కొడుకు ఎలా రాసేవాడో చూద్దామంటే ఏమీ మిగల్లేదు. కుర్రాళ్ళు కదా, ఇలాగే ఉంటుందిలే అనుకుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది.

“ఒరేయ్, జ్వరమొచ్చిందిరా. ఇప్పుడు బాగానే ఉన్నా. ఆట కొంచెం మర్చిపోయా.”

అవతల మూడు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. చాలాసేపటికి జవాబు వచ్చింది.

“పర్లేదురా. నేను చెప్తాగా.”

నాలుగేళ్ళు ఆడినవాడికి తలుపు తీయడం ఎలాగో కూడా చెప్పాల్సి వచ్చింది. పిచ్చుక విసుక్కోలేదు. వంతెన కనిపిస్తే ఆమె ఆగిపోయేది. “వద్దురా, ఊగుతోంది, పడిపోతాం” అని రాసేది. “సరే, చుట్టూ తిరిగి పోదాం” అని వచ్చేది. పద్నాలుగు నెలల్లో ఇద్దరూ కలిసి ఒక్క రాక్షసుణ్ణి కూడా చంపలేదు. తిన్నావా అని పిచ్చుక, పడుకో అని ఆమె. అదీ వాళ్ళ యుద్ధం.

భర్తకు ఇది గిట్టదు.

“వాడు బతికున్నట్టు ఎన్నాళ్ళు నాటకమాడతావే?” అన్నాడు ఎర్ర పెట్టె సంగతి విని.

“అక్కడొక్కచోటేగా బతికున్నాడు. ఉండనీండి.”

“రేపు మైకులో ఏ గొంతుతో మాట్లాడతావు మరి?”

ఆమె చొక్కా చెయ్యి మళ్ళీ మిషను సూది కిందకి జరిపింది. ఆయన వెళ్ళి వరండాలో కూర్చున్నాడు.

నిబంధన కింద అభిప్రాయాలు చెప్పమని చోటిచ్చారు. అప్పటికే వందల మంది కొట్టుకుంటున్నారు. “బాగుంది, టైపు కొట్టేలోపే చచ్చిపోతున్నాం” అని ఒకడు. “మా నానమ్మ దగ్గు ఊరంతా వినాలా?” అని ఇంకొకడు. ఆమె వాళ్ళ మధ్య దూరి రాసింది.

“అయ్యా, మాట్లాడలేని వాళ్ళూ ఉంటారు. వాళ్ళని రాసుకోనివ్వండి.”

నిమిషం తిరక్కుండానే దాని కింద పిచ్చుక రాశాడు. “నాదీ అదే మాట.”

కంపెనీవాళ్ళు ఇద్దరికీ ఒకే జవాబు పంపారు. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు.

ఆదివారం ఆట ముగిసే ముందు పిచ్చుక అన్నాడు. “రేపు నువ్వు రాకపోయినా నేనేమీ అనుకోనురా. నిజంగా.”

పిల్లలు ఇలాంటి మాటలు ఊరికే అనరు. ఏదో నిర్ణయించుకున్నాకే అంటారు. మానేస్తే ఒక భయం, వెళ్ళి నిజం చెబితే ఇంకో భయం. ఏం చేసినా ఇంకో తల్లికి కడుపుకోత తన చేతుల మీదే జరిగేలా ఉంది. ఆ రాత్రి కన్ను మూతపడలేదు.

సోమవారం ఆరింటికి కొడుకు మైకు తీసి నోటి దగ్గర పెట్టుకుంది. భర్త వచ్చి వెనక నిలబడ్డాడు. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

“బాబూ,” అంది. మైకు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. మళ్ళీ మొదలుపెట్టింది. “బాబూ, నేను గండుచీమని కాదు నాన్నా. వాళ్ళమ్మని. వాడు లేడు. పద్నాలుగు నెలలైంది. నువ్వు తట్టుకోలేవని చెప్పలేదు. తప్పు నాది. నన్ను ఎంత తిట్టినా సరే, నువ్వు మాత్రం ఏ పిచ్చిపనీ చెయ్యకు.”

అవతల కుర్చీ కిర్రుమంది. ఎవరో ఊపిరి పీల్చుకుంటున్న చప్పుడు.

“బాబూ, ఉన్నావా? ఏడుస్తున్నావా? పక్కన పెద్దవాళ్ళెవరైనా ఉంటే పిలువు నాన్నా. నేను మాట్లాడతాను.”

“నాకు మొదటిరోజే తెలుసు తల్లీ,” అంది వణుకుతున్న ముసలి గొంతు, “మా మనవడు పిచ్చుక పోయాక, ఆటలో వాడి బొమ్మని చూస్తూ కూర్చున్న నాకు రోజూ వచ్చి ఈ ఆట నేర్పింది మీ అబ్బాయే.”