వంగిన గడియ

"ఈ జాలీ పనికిరాదు సార్," అన్నాడు కంచె మేస్త్రి, తీగచుట్టని కాలితో పక్కకి తోసి.

"కోళ్ళ జాలీ అనే అమ్మారయ్యా!" అన్నాడు ఇంటాయన.

"కోళ్ళు బయటికి పోకుండా ఆపుతుంది. కుక్కో ముంగిసో లోపలికొస్తానంటే పళ్ళతో చింపేస్తుంది. కోళ్ళు పెంచడం కొత్తా?"

"ఇదే మొదలు. నాకెందుకయ్యా కోళ్ళు? మా అత్తయ్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది." ఇంటాయన పెరటి మెట్ల మీద కూర్చున్న ముసలావిడ వైపు చూసి, గొంతు తగ్గించాడు. "పోయినేడు ఆవిడ కూతురు, అదే మా ఆవిడ, పోయింది. అప్పట్నుంచీ ఆవిడకి నేను, నాకు ఆవిడ. కానీ మతిమరుపు ఎక్కువైపోతోంది. ఈ కోళ్ళనైనా సరిగ్గా చూసుకుంటే ఇంట్లోనే ఉంచుకుంటాను. లేదంటే ఆశ్రమమే."

మేస్త్రి అయ్యో అనుకున్నాడు. అత్తగారిని ఇంట్లో పెట్టుకునే అల్లుళ్ళు ఎందరున్నారు ఈ రోజుల్లో!

గట్టి జాలీ తెప్పించి పని మొదలుపెట్టాడు. గూడు చుట్టూ మనిషి నిలబడేంత ఎత్తున దొడ్డి కట్టి, పైకప్పూ జాలీతోనే మూశాడు. అడుగున జాలీని బయటివైపు మడిచి, మట్టిలో పరిచి కప్పెట్టాడు.

"ఇదెందుకు?" అన్నాడు ఇంటాయన.

"తవ్వే జంతువు కంచె మొదట్లోనే తవ్వుతుంది సార్. కిందున్న జాలీ గోళ్ళకి తగలగానే మానేస్తుంది. నాలుగడుగులు వెనక్కెళ్ళి తవ్వుదామన్న తెలివే ఉంటే, అది కూడా నాలాగే కాంట్రాక్టులు చేసుకునేది."

ఇంటాయన పగలబడి నవ్వాడు. ముసలావిడ నవ్వలేదు.

తలుపుకి కొత్త గడియ కొనమంటే ఇంటాయన ఒప్పుకోలేదు. వంగిపోయిన మేకు కూడా పారేసే రకం కాదాయన. సామాన్ల గదిలో వెతికి, మసి పట్టిన ఇనప గడియ ఒకటి తెచ్చిచ్చాడు. దాని పిడి ఒక పక్కకి వంగి ఉంది. మేస్త్రి గరుకు కాగితంతో మసంతా పోయేదాకా రుద్ది, నూనె రాశాడు.

"పాత ఇనుము సార్, ఇప్పుడిలాంటివి రావు. కానీ లోపలినుంచి తీయడానికి కూడా ఒక తీగ పెడతాను. మనిషి లోపల ఊడుస్తున్నప్పుడు ఎవరో చూడకుండా గడియ వేశారనుకోండి, అరవడం తప్ప దారుండదు."

"అక్కర్లేదు. బయట గడియ చాలు."

"పెట్టనీ బాబూ," అంది ముసలావిడ. అంతసేపటికి ఆవిడ నోరు విప్పడం అదే మొదలు.

"మీకు తెలీదత్తయ్యా, ఊరుకోండి."

మాట మెత్తగానే అన్నాడు గానీ, మేస్త్రి తీగ మళ్ళీ సంచిలో పెట్టేశాడు. ముసలావిడ గడియ వంకే చూస్తూ కూర్చుంది.

వారం తిరక్కుండానే ఫోనొచ్చింది.

"నీ దొడ్డిలో దూరి కోడిని చంపేసిందయ్యా ఏదో!"

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. చేస్తున్న పని వదిలి పరిగెత్తుకొచ్చాడు. దొడ్డి నిండా ఈకలు, గూటి ముందు నెత్తురు. మోకాళ్ళ మీద కూర్చుని చుట్టూ జాలీ తడిమి చూశాడు. ఎక్కడా చిల్లు లేదు, మట్టి కదల్లేదు.

"గడియ తీసుంది సార్. గీత కూడా పడలేదు. ఇది చేత్తో తీసిందే."

ఇంటాయన నిట్టూర్చాడు. "అనుకున్నాను. సాయంత్రం నేనే వేస్తాను, తెల్లారేసరికి తీసుంటోంది. ఇంకెవరు తీస్తారు, అత్తయ్యే. ఆవిడ మనసు మనసులో లేదయ్యా. ఎలా ఉంటుంది? కూతురు కాలిపోయింది."

మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"గదిలో హీటరు అంటుకుంది. మా ఆవిడ లోపల గడియ వేసుకుని పడుకుంది. నేను తలుపు విరగ్గొట్టేసరికి..." ఇంటాయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. "అదే గదికి ఈమధ్యే కొత్త తలుపు పెట్టించి, సున్నం వేయించాను. అందులోనే ఉంటానని పట్టుబట్టింది అత్తయ్య."

మేస్త్రి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆశ్రమానికి పంపడానికి నాకూ చేతులు రావడం లేదు. ఒక పని చెయ్యి. దొడ్డికి తాళంకప్ప బిగించి, ఈ గడియ ఊడదీసి ఆవిడ గది తలుపుకి పెట్టు. బయటవైపు. చీకట్లో లేచి తిరిగి, ఏ మెట్ల మీదో పడితే ఎవరు చూస్తారు?"

అదీ నిజమే అనిపించింది మేస్త్రికి. గడియ ఊడదీసుకుని లోపలికెళ్ళాడు.

గదిలో ఇంకా సున్నం వాసన పోలేదు. ఉన్న ఒక్క కిటికీకీ ఊచలున్నాయి. మిగిలిన కోళ్ళలో ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని మంచమ్మీద కూర్చునుంది ముసలావిడ.

"తలుపెందుకు తీస్తున్నారు పెద్దమ్మా? పాపం, కోడి చచ్చిపోయిందిగా."

"మిగతావి పారిపోయి బతికాయిగా."

"గడియ వేసుంటే ఒక్కటీ చచ్చేది కాదమ్మా."

ఆవిడ కోడి ఈకలు నిమిరింది. మేస్త్రి గుమ్మం బయటికొచ్చి, కొత్త తలుపుకి గడియ ఆనించి పెన్సిలుతో గుర్తులు పెట్టాడు.

"గట్టిగా బిగించవయ్యా!" హాల్లోంచి కేకేశాడు ఇంటాయన.

"మీ మంచికేనమ్మా," అన్నాడు మేస్త్రి, ఆవిడ మొహం చూడలేక.

ముసలావిడ కోడిని దించి, లేచి వచ్చింది. వంగిన పిడిని వేలితో తడిమింది. హాల్లోకి వినపడకుండా అంది.

"ఇది ఈ గదిదే నాయనా, అప్పుడూ బయటవైపే ఉండేది."